అందరూ మానెయ్యమంటున్నారు, పక్కన కూర్చునేవాళ్లే లేరు

బల్లార్షా_బాబు
నాకు ముప్పై ఎనిమిదేళ్లు. బొగ్గు బాయిలో పని, కాలనీలోనే ఇల్లు. రోజూ రాత్రి ఒక క్వార్టర్, జీతం పడిన వారంలో హాఫ్. ఇది ఎన్నేళ్ల నుంచో లెక్క పెట్టుకోలేదు.

మా పాపకి ఎనిమిదేళ్లు. నేను ఇంటికి రాగానే నా మొహం చూడదు, గుమ్మం దగ్గర నా చెప్పులు చూస్తుంది. రెండూ జతగా ఉంటే వచ్చి ఒళ్లో కూర్చుంటుంది. ఒకటి అటు, ఒకటి ఇటు పడి ఉంటే పుస్తకాలు సర్దుకుని నాయనమ్మ గదిలోకి పోయి తలుపు వేసుకుంటుంది. ఈ లెక్క దానికి ఎవరూ నేర్పలేదు. మొన్న మా అమ్మ చెప్తే తెలిసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తగ్గించాలని నిజంగా ఉంది. కానీ ఇంట్లోవాళ్లు చేసే సాయమే నాకు తిరగబడుతోంది. మా ఆవిడ గుమ్మంలోనే ఊదమంటుంది. అమ్మ చంద్రపూర్ మహాకాళి గుడికి తీసుకెళ్లి ఒట్టు వేయించింది, తొమ్మిది రోజులకి అది తప్పాను. అమ్మవారికి మాట తప్పినవాడిని, ఇంకేం మిగిలిందని ఆ రాత్రి రెండింతలు తాగాను. బావమరిది ఏటీఎం కార్డు లాక్కున్నాడు, దాంతో షాపులో అప్పు మొదలైంది. వీళ్లందరికీ నా మీద ప్రేమే. కాదనను. కానీ సాయంత్రం ఏడు గంటలకి కాళ్లు వాటంతట అవే షాపు వైపు తిరుగుతాయే, ఆ టైమ్‌లో నా పక్కన ఎవరూ ఉండరు. తాగి వచ్చాక మాత్రం అందరూ ఉంటారు.

ఎవరికైనా మనుషుల సాయంతో తగ్గిందా? ఏం సాయం అడగాలి, ఎవరిని అడగాలి?

బాయి_కిట్టు
మనసు గట్టిగా ఉంటే ఎవరి సాయమూ అక్కర్లేదన్నా. మా తాత రోజుకి పది చుట్టలు కాల్చేవాడు. ఒకరోజు కట్ట తీసి పొయ్యిలో పడేశాడు, మళ్లీ ముట్టలేదు. ఒకరి మీద ఆధారపడితే వాళ్లు లేనిరోజు మళ్లీ మొదటికి వస్తుంది.

రాజురా_రాధ
కిట్టు తమ్ముడూ, మా ఆయన మనసు గట్టిదే. పదహారేళ్లకే ఇంటి బరువు మోసిన మనిషి. ఆయన వేసిన ఒట్లు నేను లెక్క పెట్టాను, పదకొండు. మనసు గట్టిగా లేక తప్పలేదు. సాయంత్రం అయ్యేసరికి ఒక్కడే ఉన్నాడు, అందుకే తప్పాడు.

బాబు అన్నా, ఊదమనే భార్య తరఫున ఒక మాట. నాలుగేళ్లు నేనూ వాసన చూశాను. గుమ్మంలో మొహం దగ్గర మొహం పెట్టి. అది పోలీసుతనం అనుకుంటారు మీరు. భయం అది. ఇవాళ అన్నం పెట్టాలా, పిల్లల్ని పక్కింట్లో పడుకోబెట్టాలా అని ఆ ఒక్క క్షణంలో తేల్చుకోవాలి మేం. వదినని కోప్పడకండి.

బల్లార్షా_బాబు
కోప్పడను రాధక్కా. మీరు చెప్పాక ఇప్పుడు అర్థమవుతోంది. మరి మీ ఇంట్లో ఎలా తగ్గింది?

రాజురా_రాధ
ఒక్కరోజులో తగ్గలేదు. మా ఆడబిడ్డ భర్త, అంటే ఆయనకి బావ, రెండు వీధుల అవతల ఉంటాడు. తాగే అలవాటు లేదు, ఉపన్యాసం ఇచ్చే అలవాటూ లేదు. నేను ఆయన దగ్గర ఏడిస్తే 'నేనేం చెప్పనమ్మా, చెప్పడం నాకు రాదు, రోజూ వస్తాను' అన్నాడు. ఆరున్నరకి సైకిల్ బెల్లు కొట్టేవాడు. ఇద్దరూ నడుచుకుంటూ వెళ్లేవాళ్లు, ఎనిమిదిన్నరకి తిరిగొచ్చేవాళ్లు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే పత్తి రేటు అనేవారు. రెండు నెలలు పత్తి రేటే. ఎనిమిదిన్నరకి ఆకలేసేది, కడుపు నిండా తినేవారు. తిన్నాక తాగాలనిపించేది కాదట.

వాసన చూడటం నేను మానలేదు వెంటనే. మానడానికి నాకు మూడు వారాలు పట్టింది. అదీ నా అలవాటే కదా.

చంద్రపూర్_నర్సమ్మ
ఇరవై రెండేళ్లుగా వార్డులో పనిచేస్తున్నాను. మనుషుల సాయం గురించి తర్వాత మాట్లాడదాం, ముందు ఒకటి చెప్పు బాబూ. పొద్దున లేవగానే చేతులు వణుకుతాయా? చెమటలు పడతాయా? పొద్దున ఒక గుక్క తాగితే గానీ కుదుటపడదు అనిపిస్తుందా?

ఎందుకంటే రోజూ ఎక్కువ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదం. ఆపిన ఆరేడు గంటల నుంచి వణుకు, చెమట, గుండె దడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా కొందరికి మతి చెదిరి, లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. దాన్ని మనవాళ్లు గాలి సోకింది అనుకుని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. అలా ఆలస్యమై ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లని చూశాను. దీనికి మందులున్నాయి. ఐదారు రోజులు తగ్గించుకుంటూ మాత్రలు ఇస్తారు, థయామిన్ అనే విటమిన్ ఇస్తారు. జిల్లా ఆసుపత్రికి వెళ్తే చాలు.

ఇక లెక్క. నువ్వు 'ఒక క్వార్టరే' అన్నావు. 180 మిల్లీలీటర్లు. విస్కీలో 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది, అంటే క్వార్టర్‌లో సుమారు 60 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్. 10 గ్రాములని ఒక డ్రింక్‌గా లెక్కేస్తారు. రోజుకి ఆరు, హాఫ్ తాగిన రోజు పన్నెండు. అది చిన్న లెక్క కాదు నాయనా.

బల్లార్షా_బాబు
పొద్దున వణుకు ఉంది నర్సమ్మా. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటా. చలికి అనుకునేవాణ్ణి, మే నెలలో కూడా.

చంద్రపూర్_నర్సమ్మ
అయితే సొంతంగా ఆపకు. రేపే వెళ్లు. ఒంటరిగా వెళ్లకు, ఒకరిని తీసుకెళ్లు. మొదటి సాయం అదే. డాక్టర్ చెప్పింది నీకు సగమే ఎక్కుతుంది, పక్కన ఉన్నవాళ్లకి మొత్తం ఎక్కుతుంది. ఆ ఐదు రోజులు ఇంట్లో ఉన్నా, వార్డులో ఉన్నా రాత్రిపూట ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి.

రాజురా_రాధ
నర్సమ్మా, ఒకటి అడగాలి, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. మా అత్తగారు ఒకసారి ఎవరో ఇచ్చిన పొడి ఆయనకి తెలియకుండా పప్పులో కలిపింది. ఆ రాత్రి మొహం ఎర్రబడి, వాంతులు, ఊపిరి ఆడలేదు. ఏమిటది?

చంద్రపూర్_నర్సమ్మ
తాగితే ఒంటికి పడకుండా చేసే మందు అయి ఉంటుంది. డాక్టర్ చెప్పి, తాగే మనిషి ఒప్పుకుని, రోజూ ఇంట్లో ఒకరి చేతి మీదుగా వేసుకుంటే అది కొందరికి పనికొస్తుంది. తెలియకుండా కలిపితే మాత్రం బీపీ పడిపోవచ్చు, గుండె ఆగిపోవచ్చు. దయచేసి ఎవరూ చేయకండి. పైగా ఆ మనిషి మళ్లీ ఇంట్లో అన్నం నమ్మి తినగలడా?

రాజురా_రాధ
తినలేదమ్మా. ఆరు నెలలు బయట తిని వచ్చారు.

సిరొంచ_పంతులు
మాది గడ్చిరోలి జిల్లా, 1993 నుంచి మద్యనిషేధం. మా ఊళ్లో షాపు లేదు. ఏడు గంటలకి కాళ్లు షాపు వైపు తిరుగుతాయి అన్నారు బాబు గారు. తిరగడానికి షాపే లేకపోతే? నిషేధం దండగ అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. దారిలో షాపు లేకపోవడం కూడా సాయమే.

బాయి_కిట్టు
పంతులు గారూ, ప్రాణహిత దాటితే తెలంగాణ. పడవలో పోయేవాళ్లు, ఇప్పుడు వంతెన మీద బైకులో పోతున్నారు. మా చంద్రపూర్ సంగతి చూడండి. 2015 ఏప్రిల్ 1 నుంచి దారుబందీ, అంటే మద్యనిషేధం, పెట్టారు, 2021లో ఎత్తేశారు. ఆ ఆరేళ్లూ బల్లార్షాలో రైలెక్కి కాగజ్‌నగర్‌లో దిగినవాళ్లు ఎంతమందో నాకు తెలుసు.

బల్లార్షా_బాబు
నా తాగుడు ముదిరింది ఆ ఆరేళ్లలోనే. ముందు స్నేహితులతో కూర్చుని, నవ్వుకుంటూ తాగేవాణ్ణి. దారుబందీ వచ్చాక దొంగసరుకు, రెండింతల ధర. దొరికింది ఇంట్లో దాచలేం కదా, బాత్రూంలో నిలబడి ఒక్క గుక్కలో ఖాళీ చేసేవాణ్ణి. ఒక్కడినే తాగడం అక్కడే నేర్చుకున్నా. దారుబందీ తప్పని అనను. మా కాలనీలో చాలా ఇళ్లు ఆ ఆరేళ్లు ప్రశాంతంగా ఉన్నాయి. నాకు మాత్రం అలా జరిగింది.

రాజురా_రాధ
పక్కింటి ఆవిడ భర్త ఆ ఆరేళ్లలో పూర్తిగా మానేశాడు. షాపులు తెరిచిన నెలలో మళ్లీ మొదలుపెట్టాడు. ఒక్కో ఇంట్లో ఒక్కోలా జరిగింది.

సిరొంచ_పంతులు
కిట్టు గారు చెప్పింది నిజమే, నది దాటేవాళ్లు ఉన్నారు. నేను అనేది ఏమిటంటే, చట్టం ఒక్కటే ఉన్నచోట నది దాటుతారు, మనుషులు కూడా తోడైన ఊళ్లో తగ్గుతుంది. డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల సంస్థ మా జిల్లాలో ముక్తిపథ్ అని తాగుడు తగ్గించే కార్యక్రమం నడుపుతోంది. ఊళ్లో సంఘం, అందులో ఆడవాళ్లు, మానేసినవాళ్లు, తాలూకా కేంద్రంలో చికిత్స. మా పక్క ఊళ్లో సారా కాచే రెండు ఇళ్లకి ఆడవాళ్లు గుంపుగా వెళ్లి మాట్లాడారు. ఆ తర్వాత ఆ ఇళ్లకి వేరే పని దొరికేదాకా వదల్లేదు. కాచేవాడికీ కడుపు ఉంటుంది కదా.

అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ ఊరివాళ్లని దశాబ్దాల పాటు గమనించిన లెక్కలు 2010లో అచ్చయ్యాయి. దగ్గరివాళ్లు బాగా తాగేవాళ్లయితే మనమూ బాగా తాగే అవకాశం 50 శాతం పెరుగుతుందట. దగ్గరివాళ్లు తాగనివాళ్లయితే మనం దూరంగా ఉండే అవకాశం 29 శాతం పెరుగుతుందట. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు నేను ఇది చెప్తుంటాను.

రాజురా_రాధ
మహారాష్ట్రలో ఆడవాళ్ల చేతిలో ఇంకొకటి ఉంది. వార్డులో షాపు వద్దని ఓటు వేయొచ్చు. ఓటు చీటీ మీద రెండు బొమ్మలు, నిలబెట్టిన సీసా, పడుకోబెట్టిన సీసా. పడుకోబెట్టిన సీసాకి సరిపడా ఓట్లు పడితే షాపు మూతే. ఆడవీ బాట్లీ అంటారు. ఓటు పెట్టించడానికే సంతకాల కోసం ఇల్లిల్లూ తిరగాలి. అలా తిరిగినప్పుడు తెలిసింది నాకు, ప్రతి ఇంట్లోనూ నాలాంటిది ఒకతి ఉందని. ఓటు సంగతి ఎలా ఉన్నా, ఆ తిరగడమే నాకు మందయింది.

రాయగడ_రాజు
మాది ఒడిశా వైపు, రాయగడ. మా దగ్గర సంగతి వేరే. జీలుగు కల్లు దిగే రోజుల్లో చెట్టు కిందే పంచాయితీ, చెట్టు కిందే పెళ్లి మాటలు. వద్దంటే మర్యాద తప్పినట్టు. 'మా చేతి కల్లు తాగవా' అని పెద్దాయన అడిగితే ఏం చెప్తాం? తగ్గించుకోవాలనుకునేవాడికి అన్నిటికన్నా కష్టం ఈ మర్యాదే.

మా బావమరిదికి కామెర్లు వచ్చి డాక్టర్ చుక్క కూడా వద్దన్నాడు. ఆ ఏడాది వాడితో ప్రతి పెళ్లికీ నేను వెళ్లాను. పని ఒక్కటే. దొప్ప వాడి దాకా రాకముందే నేను అందుకుని, 'వీడి వంతు నాది' అనేవాణ్ణి. పెద్దాయనకి మర్యాద దక్కింది, వాడికి ప్రాణం దక్కింది.

పర్లాకిమిడి_పాప
అన్నయ్యా, అతని వంతు కూడా నువ్వే తాగితే నీ సంగతి?

రాయగడ_రాజు
మంచి ప్రశ్న చెల్లెమ్మా. మొదట్లో తాగాను, నిజం చెప్తున్నా. మూడో పెళ్లికి మా ఆవిడ పట్టేసింది. ఆ తర్వాత అందుకుని కళ్లకద్దుకుని చెట్టు మొదట్లో పోసేవాణ్ణి. భూదేవికి పోస్తే పెద్దాయన కూడా ఏమీ అనలేదు. ఇప్పుడు మా ఊళ్లో ఇంకో ఇద్దరు అలాగే పోస్తున్నారు.

బాయి_కిట్టు
ఆ చెట్టుకి కూడా ఒక తోడు చూడాలి మరి 🙂

ధర్మాబాద్63
కల్లు మాట వచ్చింది కాబట్టి. నాందేడ్ వైపు వాళ్లు, తెలంగాణ సరిహద్దు కల్లు దుకాణాలకి పోయేవాళ్లు జాగ్రత్త. దుకాణాల్లో పోసేదంతా చెట్టు కల్లు కాదు. మత్తు మాత్రల మందు కలుపుతారు. 2015లో తెలంగాణలో దాడులు చేసి కల్తీ కల్లు ఆపితే నిజామాబాద్ ఆసుపత్రులకి జనం క్యూ కట్టారు. మెడ వంకర్లు, ఫిట్స్, పిచ్చి చూపులు. మా మేనమామ అందులో ఒకడు. కల్లే కదా, సారా కాదుగా అని ఇంట్లోవాళ్లు ధీమాగా ఉన్నారు. నర్సమ్మ చెప్పినట్టు కల్లు తాగేవాళ్లు కూడా డాక్టర్‌కి చెప్పే ఆపాలి.

చంద్రపూర్_నర్సమ్మ
నూటికి నూరుపాళ్లు నిజం.

మౌనంగా_చదివేవాణ్ణి
రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నా, ఎప్పుడూ రాయలేదు. బాబు గారి 'సాయంత్రం ఏడు గంటలు' చదివాక రాయాలనిపించింది. మానేసి తొమ్మిదేళ్లయింది నాకు.

1935లో అమెరికాలోని యాక్రన్ అనే ఊళ్లో ఒక వ్యాపారి పని చెడిపోయి హోటల్లో దిగబడ్డాడు. కొన్ని నెలలుగా మానేసి ఉన్నాడు. హోటల్లో ఒకవైపు బార్, ఒకవైపు ఫోన్. అతను ఫోన్ దగ్గరికి వెళ్లి చర్చిలకి ఫోన్ చేసి, మాట్లాడటానికి ఒక తాగుబోతు కావాలి అని అడిగాడు. మాన్పించడానికి కాదు, తను తాగకుండా ఉండటానికి. అలా ఒక డాక్టర్ దొరికాడు. వాళ్లిద్దరి నుంచి పుట్టిందే ఆల్కహాలిక్స్ అనానిమస్, ఏఏ. ఒకరికి సాయం చేస్తుంటే మనం నిలబడతాం, అదే దాని మూలం.

నేను మొదటిసారి నాగ్‌పూర్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు మూలన కూర్చున్నా. ఒక ముసలాయన హిందీలో తన కథ చెప్తున్నాడు. స్కూటర్ డిక్కీలో స్పానర్ కింద సీసా దాచిన సంగతి. నేనూ స్పానర్ కిందే దాచేవాణ్ణి. లోకంలో నేనొక్కడినే అంత నీచంగా ఉన్నానని పదేళ్లు అనుకున్నా. ఆ స్పానర్ మాట విన్నాక ఏడ్చేశాను. ఎవరూ వారించలేదు, ఎవరూ ఓదార్చలేదు. పక్కాయన టీ గ్లాసు నా వైపు జరిపాడు.

బాయి_కిట్టు
దేవుడి పేరు ఎక్కువ తీస్తారట కదా అక్కడ. దేవుణ్ణి నమ్మనివాళ్ల సంగతి? నిజంగా పనిచేస్తుందా, లేక మానేసినవాళ్లే మిగులుతారు కాబట్టి అలా కనిపిస్తుందా?

మౌనంగా_చదివేవాణ్ణి
దేవుడి మాట ఉంది, కాదనను. నేను ఆ మాట వచ్చినచోట 'ఈ గదిలో ఉన్న మనుషులు' అనుకునేవాణ్ణి, నడిచిపోయింది. పనిచేస్తుందా అంటే, 2020లో కోక్రేన్ అని, వైద్య పరిశోధనలు కలిపి బేరీజు వేసే సంస్థ వాళ్లు 27 పరిశోధనలు, పదివేలకి పైగా మనుషుల లెక్కలు కలిపి చూశారు. పూర్తిగా మానేసి ఉండటంలో ఏఏ దారి మిగతా చికిత్సలతో సమానంగా, కొన్నిచోట్ల అంతకన్నా మెరుగ్గా ఉందని తేలింది. అందరికీ పడుతుందని నేనూ అనను. నాతో చేరినవాళ్లలో సగంమంది ఇప్పుడు కనపడరు.

బల్లార్షా_బాబు
నాకు మానెయ్యడం కన్నా తగ్గించుకోవడమే కావాలి. పండగకి, పెళ్లికి తాగి మిగతా రోజులు దూరంగా ఉంటే చాలదా?

మౌనంగా_చదివేవాణ్ణి
నాకు అది కుదరలేదు. ఒకటి అనుకుని కూర్చుంటే సీసా అడుగు చూసేదాకా లేవలేకపోయాను. ఏడేళ్లు ప్రయత్నించాక ఒప్పుకున్నా.

చంద్రపూర్_నర్సమ్మ
ఇది అందరికీ ఒకటే జవాబు కాదు. తక్కువ తాగేవాళ్లు లెక్క రాసుకుంటూ, కొన్ని రోజులు ఖాళీ పెట్టుకుంటూ తగ్గించుకోగలరు. పొద్దున వణుకు వచ్చేదాకా వచ్చినవాళ్లు ముందు పూర్తిగా ఆపాలి. నీది రెండో కోవ. కొన్ని నెలలు ఆపాక డాక్టర్‌తో కూర్చుని మాట్లాడు. తగ్గించుకునేవాళ్లకైనా, మానేసేవాళ్లకైనా పక్కన మనిషి కావాల్సిందే, అందులో తేడా లేదు.

పర్లాకిమిడి_పాప
బాబు అన్నయ్యా, నాకు ఇరవై నాలుగేళ్లు. చెప్పుల దగ్గర ఆగిపోయాను, రెండు రోజులు రాయలేకపోయాను. మా ఇంట్లో చెప్పులు కాదు, గేటు గడియ. నాన్న తాగని రోజు గడియ ఒకేసారి పడేది. తాగిన రోజు మూడుసార్లు చప్పుడయ్యేది. హాస్టల్లో ఉన్నప్పుడు కూడా గడియ చప్పుడుకి మేలుకునేదాన్ని.

ఒక్కటే అడుగుతాను. పాపని కాపలా పెట్టొద్దు. 'నాన్న తాగితే నువ్వే అడుగు, నీ మాట వింటాడు' అని నాకు చెప్పేవాళ్లు. పదేళ్లకే నేను నాన్నకి అమ్మనయ్యాను. ఆయన తాగిన ప్రతిసారీ నేను సరిగ్గా అడగలేదేమో అనుకునేదాన్ని. మా అమ్మకి సాయం దొరికాకే నాకు ఊపిరి ఆడింది. తాగేవాళ్ల ఇంట్లోవాళ్లకి వేరే బృందాలు ఉంటాయి, అల్-అనాన్ అంటారు, 1951లో మొదలయ్యాయి. మా పిన్ని అమ్మని ఫోన్‌లో చేర్పించింది. నాన్న తగ్గించకముందే అమ్మ మారింది. ఆయన తాగి వచ్చిన రాత్రి వాదించడం మానేసి, పొద్దున తేరుకున్నాక మాట్లాడేది. తాగని సాయంత్రం పనిగట్టుకుని ఆయనకి ఇష్టమైన చేపల పులుసు చేసేది. ఆ తేడా నాన్నకి తెలియడానికి కొన్ని నెలలు పట్టింది, కానీ తెలిసింది.

రాజురా_రాధ
పాపా, మా పిల్లలకి చూపిస్తాను ఇది. నేనూ అలా చెప్పినదాన్నే.

చంద్రపూర్_నర్సమ్మ
చెన్నైలో తాగుడు మాన్పించే టీటీ రంగనాథన్ ఆసుపత్రి ఇలా పుట్టిందే. శాంతి రంగనాథన్ గారి భర్త తాగుడుతో చిన్న వయసులోనే పోయారు. ఆవిడ 1980లో అది మొదలుపెట్టారు. అక్కడ రోగితోపాటు ఇంట్లోవాళ్లకి కూడా వేరుగా తరగతులుంటాయి. మా దగ్గర కూడా భార్యని, తల్లిని పక్కన కూర్చోబెట్టి మాట్లాడితే ఆ కేసు నిలబడుతుంది. మందు ఇచ్చి పంపేస్తే మూడు నెలల్లో మళ్లీ అదే మంచం మీద కనిపిస్తాడు.

ఫోన్ నంబర్లు రాసుకోండి. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446. మనసు బాగోలేకపోతే టెలి మానస్ 14416, అక్కడ తెలుగులో మాట్లాడొచ్చు. డబ్బు అక్కర్లేదు.

బాయి_కిట్టు
బాబు అన్నా, ఒకటి అడగనా? నువ్వు రెండో నంబర్ గేటు ఎదురుగా టీ బండి దగ్గర రెండు చేతులతో గ్లాసు పట్టుకుని తాగే మనిషివా? ఎర్ర మఫ్లర్?

బల్లార్షా_బాబు
అవును.

బాయి_కిట్టు
రోజూ నీ పక్క బల్ల మీదే కూర్చుంటా నేను. రేపు ఫస్ట్ షిఫ్ట్ అయ్యాక ఆసుపత్రికి నేను వస్తా. బండి ఉంది.

సిరొంచ_పంతులు
చదివి కళ్లు చెమర్చాయి కిట్టు గారూ.

రాయగడ_రాజు
ఇరవై రోజులైంది. బాబు ఎలా ఉన్నాడు? ఎవరికైనా తెలుసా?

బల్లార్షా_బాబు
ఉన్నాను. వార్డులో ఆరు రోజులు. రెండో రాత్రి గోడ మీద చీమలు బారులు కట్టి నడుస్తున్నట్టు కనిపించాయి. కిట్టు మేలుకుని ఉన్నాడు. 'చీమలా? ఎన్ని బారులు?' అని అడిగి, వెంటనే సిస్టర్‌ని పిలుచుకొచ్చాడు. ఇంట్లో ఉంటే మా అమ్మ దిష్టి తీసేది, తెల్లారేదాకా.

ఇప్పుడు సాయంత్రాలు ఇలా గడుస్తున్నాయి. ఆరున్నరకి కిట్టు వస్తాడు, సోమ, బుధ, శుక్ర. మంగళ, గురు మా బావమరిది. కార్డు తిరిగి ఇచ్చేశాడు, నేనే జీతం రోజున తోడు రమ్మన్నా. మా ఆవిడతో ఒక ఒప్పందం చేసుకున్నాం. ఊదమనదు. నేనే గుమ్మంలో చెప్తా, తాగితే తాగానని. శనివారం మౌనంగా గారికి ఫోన్ చేస్తా, ఆయనే నంబర్ పంపారు. ఆదివారం మాత్రం కష్టంగా ఉంది. ఆదివారానికి ఇంకా ఎవరూ లేరు.

రాజురా_రాధ
ఆదివారం మా ఇంటికి రండి, వదినని, పాపని తీసుకుని. మా ఆయన, వాళ్ల బావ ఎలాగూ నడుస్తారు. పత్తి రేటు మీకు కూడా తెలియాలి కదా.

బల్లార్షా_బాబు
రెండు నెలల తర్వాత రాస్తున్నా. మంచిర్యాలలో మా మరదలి పెళ్లి. కిట్టు లేడు, బావమరిది పనుల్లో ఉన్నాడు. బారాత్‌లో ఎవరో గ్లాసు చేతిలో పెట్టారు. తాగాను, ఒకటి కాదు, నాలుగు. పొద్దున లేచి పెళ్లి పందిరి వెనక నిలబడి మౌనంగా గారికి ఫోన్ చేశా. 'ఎందుకు తాగావు' అంటారనుకున్నా. 'ఏమైనా తిన్నావా?' అన్నారు. తర్వాత 'ఇవాళ సాయంత్రం పక్కన ఎవరుంటారు?' అని అడిగారు. మా ఆవిడకి నేనే చెప్పా. ఆవిడ ఏడ్చింది, తర్వాత నా పక్కనే కూర్చుంది, తిరుగు బస్సు ఎక్కేదాకా.

బాయి_కిట్టు
మొదట్లో నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నా. మా తాత చుట్టలు పొయ్యిలో పడేసిన రోజు సంగతి అమ్మని అడిగాను. ఆ తర్వాత ఏడాదంతా మా నాయనమ్మ ఆయన పక్కనే కూర్చుని, చేతిలో వేయించిన శనగలు పోస్తూ ఉండేదట. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

పర్లాకిమిడి_పాప
పాప ఎలా ఉంది అన్నయ్యా?

బల్లార్షా_బాబు
నిన్న నైట్ షిఫ్ట్ చేసి పొద్దున వచ్చా. అలసట. చెప్పులు ఎలా విడిచానో చూసుకోలేదు, ఒకటి మెట్టు మీద, ఒకటి కింద. పాప స్కూల్‌కి రెడీ అవుతోంది. చెప్పుల వైపు చూసింది. నా గుండె ఆగింది. జడకి రిబ్బన్ తీసుకొచ్చి 'నాన్నా, ఇది కట్టు' అని వీపు తిప్పి కూర్చుంది. నాకు ముడి వేయడం రాదు, మూడుసార్లు విప్పి కట్టాను.

చంద్రపూర్_నర్సమ్మ
లివర్ టెస్ట్ రిపోర్టు తెచ్చుకున్నావా?

బల్లార్షా_బాబు
గురువారం ఇస్తామన్నారు నర్సమ్మా.

బాయి_కిట్టు
గురువారం నాది సెకండ్ షిఫ్ట్, పొద్దున ఖాళీ. తొమ్మిదింటికి టీ బండి దగ్గర ఉంటా.